ఇనుప పెట్టెలోని చలనచిత్రములు

పంతొమ్మిది వందల అరువదవ దశకపు ప్రపంచ చలనచిత్రమును గూర్చి ముచ్చట వచ్చినపుడు మనకు వెంటనే స్ఫురించు పేర్లు కొన్ని ఉన్నవి. ఇటలీ నుండి ఫెల్లినీ, అంతోనియోనీ. ఫ్రాన్సు నుండి త్రుఫో, గొదార్. స్వీడన్ నుండి బెర్గ్‌మన్. జపాన్ నుండి కురొసావా. కళాభిమానులైనవారు ఈ పేర్లను ఎక్కడనో ఒకచోట వినియే ఉందురు. కాని ఆ దశకముననే, జనసంఖ్యలో కోటిన్నరకు లోబడిన ఒక చిన్న దేశము అమెరికా అకాడమీ వారి ఉత్తమ విదేశీ చిత్ర బహుమానమును రెండు పర్యాయములు గైకొన్నదను సంగతి అంతగా ప్రచారములో లేదు. 1966 లో జరిగిన ఉత్సవమున ఒక మారు, 1968 లో జరిగిన ఉత్సవమున మరియొక మారు ఆ గౌరవము దక్కిన దేశము చెకోస్లొవాకియా.

అటుపిమ్మట కొలది కాలమునకే ఆ దేశపు చిత్రములు కొన్ని కంటికి కనబడకుండ పోయినవి. అవి కాలిపోలేదు, చెడిపోలేదు. ప్రభుత్వమే వానిని తీసి లోపల పెట్టి తాళము వేసినది. చెక్ భాషలో ఇనుప పెట్టెను ‘త్రెజోర్’ అందురు. ఇట్లు తాళము పడిన చిత్రములకు ఆ దేశస్థులు ‘త్రెజోర్ చిత్రములు’ అని పేరు పెట్టుకొన్నారు. మన వాడుకలో చెప్పవలెనన్న, ఇనప్పెట్టె చిత్రములు.

ఒకే విద్యాలయమున చదివి, ఒకే స్టూడియోలో, ఒకే ప్రభుత్వపు ధనముతో, ఒకే తరము కళాకారులు తీసిన చిత్రములలో కొన్నిటికి పూలదండలు పడి, కొన్నిటికి తాళములు పడుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో ఆ దశకపు చిత్రకళలోని ఒక ముఖ్యమైన సత్యము మనకు బోధపడును.

ముందుగా ఆ దేశపు చరిత్రను క్లుప్తముగా జ్ఞాపకము చేసికొందము. మొదటి ప్రపంచ యుద్ధాంతమున ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యము విచ్ఛిన్నము కాగా, 1918 లో చెక్కులును స్లొవాకులును కలిసి ఒక గణతంత్రమును ఏర్పరచుకొన్నారు. 1938 లో మ్యూనిక్ ఒడంబడికచే పెద్ద రాజ్యములు ఆ దేశపు సరిహద్దు ప్రాంతములను హిట్లరుకు ధారపోసినవి. 1939 మార్చిలో జర్మను సేనలు ప్రాగ్ నగరమున ప్రవేశించినవి. స్లొవాకియా జర్మనీ చెప్పుచేతలలో నడుచు వేరొక రాజ్యమైనది. 1945 లో విముక్తి లభించినది. 1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టు పక్షము అధికారమును పూర్తిగా హస్తగతము చేసికొన్నది. ముప్పది ఏండ్లలోపున ఒక జాతి ఇన్ని మార్పులను చూచినది. 1960 నాటికి ముప్పది ఏండ్లు నిండని యువకుడు బాల్యములో ఒక దండయాత్రను, కౌమారములో ఒక విప్లవమును చూచినవాడై యుండెను.

ప్రాగ్ నగరమునకు నైరుతి దిక్కున గల గుట్టపై బరాందొవ్ స్టూడియో ఉన్నది. దానిని 1930 ప్రాంతమున కట్టించినవారు, తరువాతి కాలమున ఆ దేశాధ్యక్షుడైన నాటకకర్త వాత్స్‌లావ్ హావెల్ తండ్రియు పినతండ్రియు. యుద్ధకాలమున జర్మనులు తమ చిత్రములకొరకై దానిని మరింత విస్తరింపజేసినారు. 1945 ఆగస్టులో అధ్యక్షుని శాసనముచే చిత్రపరిశ్రమ అంతయు జాతీయము చేయబడినది. మరుసటి ఏడు, అనగా 1946 లో, ప్రాగ్ నగరమున చలనచిత్ర విద్యాలయము వెలసినది. దానిని క్లుప్తముగా ‘ఫాము’ అందురు. ప్రపంచములోని తొలి చలనచిత్ర విద్యాలయములలో అది ఒకటి. మన దేశమున పూనాలో ప్రభాత్ స్టూడియో స్థలమున ఇట్టి విద్యాలయము 1960 లో ఏర్పడినదని ఇచ్చట గుర్తుచేసికొనుట అసందర్భము కాదు.

ఈ ఫాము విద్యాలయమున ఒక విశేషముండెను. బయటి సినిమాహాళ్ళలో సామాన్యులకు లభింపని విదేశ చిత్రములను కూడ విద్యార్థులకు చూపెడివారు. ఇటలీలో యుద్ధానంతరము వీథులలో, నటులు కాని మనుష్యులతో తీసిన చిత్రములను, ఫ్రాన్సులో క్రొత్తగా వచ్చుచున్న చిత్రములను ఆ యువకులు చూచి, వాదించుకొని, తమ కంటిని దిద్దుకొన్నారు. ఒతకర్ వావ్ర అను దర్శకుని తరగతిలో వేరా ఖితిలోవా, యిర్జీ మెంజెల్, ఎవాల్డ్ షోర్మ్ సహాధ్యాయులు. అచ్చట సాహిత్యము బోధించినవారిలో, పిమ్మట నవలాకారుడుగా లోకప్రసిద్ధుడైన మిలాన్ కుందేరా ఒకడు. రచనా విభాగమున చదివినవాడు మిలోష్ ఫోర్మన్; ఇతని తల్లిదండ్రు లిరువురును జర్మనుల నిర్బంధ శిబిరములలో మరణించినారు.

స్టాలిన్ మరణించిన పిమ్మట, 1956 లో ఆతని పాలనాదోషములను మాస్కోలోనే ఒప్పుకొన్న పిమ్మట, తూర్పు ఐరోపాలో మంచు మెల్లమెల్లగా కరగనారంభించినది. చెకోస్లొవాకియాకు ఆ వెచ్చదనము ఆలస్యముగా, అరువదవ దశకపు ప్రారంభమున చేరినది. స్టూడియోలో చిన్న చిన్న సృజన బృందములు ఏర్పడి, ఏ కథను తీయవలెనో కొంతవరకు తామే నిర్ణయించుకొనసాగినవి. ధనమిచ్చునది ప్రభుత్వము, టిక్కెట్టు ఎంత అమ్ముడుపోవునను చింత దర్శకునికి అంతగా లేదు. పైవాని పట్టు సడలుట, క్రిందివానికి శిక్షణ చేకూరుట అను రెండును ఒకే సమయమున కలిసినవి. ఇట్టి కలయిక చరిత్రలో తరచుగా రాదు. వచ్చినను ఎక్కువ కాలము నిలువదు.

1962 లో స్లొవాక్ దర్శకుడు ష్తెఫాన్ ఉహెర్ తీసిన ‘వలలో సూర్యుడు’ ఈ నవ్యోద్యమమునకు తొలి చిత్రమని పలువురు చెప్పుదురు. పిమ్మట ఫోర్మన్ ‘నల్ల పీటర్’ వచ్చినది. కిరాణా దుకాణములో దొంగలను కనిపెట్టు పనికి కుదిరిన ఒక కుర్రవాని కథ అది. అతడు దొంగను చూచును కాని పట్టుకొనలేడు. ఇంటికి పోయిన తండ్రి ఉపన్యసించును. కథ అంతే. కాని ఆ తండ్రి మాటలలో, ఆ కుర్రవాని తెల్లబోయిన ముఖములో ఒక తరము మరియొక తరముతో మాటలాడలేకపోవుట స్పష్టముగా కనబడును. 1965 లో బొహుమిల్ హ్రబల్ అను రచయిత కథలను ఐదుగురు యువ దర్శకులు పంచుకొని ‘లోతులలోని ముత్యములు’ అను చిత్రము తీసినారు. మెంజెల్, షోర్మ్, ఖితిలోవా, యాన్ నెమెత్స్, యారొమిల్ యిరేష్ ఆ ఐదుగురు. వీరిలో ఒక్కొక్కరి శైలి ఒక్కొక్కటి. అయినను అందరిలోను సామాన్యముగా ఉన్న గుణమొకటి కలదు. వీరుల విగ్రహములను వదలి, సామాన్యుని దగ్గరగా చూచి, అతని బలహీనతను దాచక, అతనిని ద్వేషింపక చిత్రించుట ఆ గుణము.

ఈ కన్ను శత్రువుల కాలమును చూచినపుడు ఏమి జరిగినదో రెండు చిత్రములు చెప్పును.

మొదటిది 1965 లో యాన్ కాదార్, ఎల్మార్ క్లోస్ కలిసి తీసిన ‘ప్రధాన వీథిలోని దుకాణము’. ఆంగ్లమున దీనిని ‘ది షాప్ ఆన్ మెయిన్ స్ట్రీట్’ అందురు. కథాకాలము 1942, స్థలము స్లొవాకియాలోని ఒక చిన్న పట్టణము. తోనో అను వడ్రంగి మంచివాడే, కాని పిరికివాడు. యూదుల వ్యాపారములను ఆర్యులకు స్వాధీనము చేయుచున్న ఆ రోజులలో, అతని తోడల్లుడు అధికారములో ఉన్నందున, లౌట్మనోవా అను ముసలి వితంతువు నడుపుచున్న బొత్తాముల దుకాణమునకు అతనిని అధికారిగా నియమింతురు. ఆమెకు చెవుడు, లోకమున ఏమి జరుగుచున్నదో తెలియదు. ఈతడు తనకు సహాయముగా వచ్చిన పనివాడనుకొనును. దుకాణములో చూడబోయిన సరుకును లేదు, రొక్కమును లేదు. ఊరిలోని యూదులే చందా వేసికొని, ఆమెను కనిపెట్టి ఉండుటకు ఇతనికి రహస్యముగా జీతమిత్తురు. ఇంతవరకు నవ్వు. ఒకనాడు యూదులందరిని శిబిరములకు తరలించు ఉత్తరువు వచ్చును. ఆమెను దాచవలెనా, అప్పగించి తాను బ్రతుకవలెనా అను భయముతో త్రాగి, వణకుచు, తోనో ఆమెను అలమరగదిలోనికి నెట్టును. ఆమె అచ్చటనే మరణించును. అతడు ఉరి వేసికొనును.

ఈ చిత్రములో జర్మను సైనికులు కథను నడుపరు. కీడంతయు ఇరుగుపొరుగువారి చేతిమీదుగనే జరుగును. మంచివాడు కూడ భయపడినచో హంతకుడు కాగలడను మాట మనల వెంటాడును. ముసలమ్మగా నటించిన ఈదా కమీన్‌స్కా పోలండు దేశపు యిద్దిష్ రంగస్థలమున సుప్రసిద్ధ నటి. కాదార్ కుటుంబములోని వారు ఆష్విట్జ్ శిబిరమున హతులైనవారే.

రెండవది 1966 లో మెంజెల్ తన ఇరువది ఎనిమిదవ ఏట తీసిన ‘గట్టి నిఘాలోని రైళ్ళు’. ఆంగ్లమున ‘క్లోజ్లీ వాచ్డ్ ట్రెయిన్స్’. ఇదియు హ్రబల్ కథయే. జర్మనుల ఆక్రమణలో ఉన్న ఒక పల్లె రైలుస్టేషను; అచ్చట శిక్షణకు చేరిన మిలోష్ అను కుర్రవాడు. రైలుబండ్లను దాటించు ఉద్యోగి టోపీని తల్లి అతని తలపై కిరీటమువలె అలంకరించును. తాను పూర్తిగా పురుషుడనో కానో అను బెంగతో అతడు ఆత్మహత్యకు కూడ ప్రయత్నించును. స్టేషను మాస్టరుకు పావురములమీద ప్రేమ. యుద్ధము ఎక్కడనో దూరముగా రైలుబండ్లలో పోవుచుండును. చివరకు, బెంగ తీరిన మరునాడే, మందుగుండు సామగ్రితో పోవు జర్మను బండిపై ఆ కుర్రవాడు పేలుడు పదార్థమును విడిచి, తూటాకు గురియై అదే బండిపై పడిపోవును. వీరత్వము ఇచ్చట శంఖము పూరించుకొని రాదు. కుర్రవాడు తన దైనందిన కార్యములలో ఒకదానివలె దానిని నెరవేర్చును. కనుకనే చూపరుల గుండె కలుక్కుమనును.

ఈ రెండింటికిని అమెరికా బహుమానములు వచ్చినవి. తమ జాతి కళాకారులు విశ్వవిఖ్యాతులైనందుకు పాలకులు కూడ సంతోషించినారు. సంతోషింపక ఏమి? రెండు కథలలోను తప్పు గతించిన ప్రభుత్వముది.

అదే కన్ను ఇంటివైపు మరలినపుడు పరిస్థితి మారినది.

1966 లో ఖితిలోవా ‘డెయిజీ పూలు’ తీసినది. లోకమే చెడిపోయినపుడు మనమును చెడిపోవుదమని తీర్మానించుకొన్న ఇద్దరు యువతులు చేయు చిలిపిపనుల వరుస ఆ చిత్రము. కడపట వారు ఎవరికొరకో అమర్చిన గొప్ప విందుభోజనమును తిని, చల్లి, త్రొక్కి ధ్వంసము చేయుదురు. అదే సంవత్సరము నెమెత్స్ ‘విందు, అతిథులు’ అను చిత్రము తీసినాడు. కొందరు స్నేహితులు అడవిలో వనభోజనమునకు వత్తురు. ఒక అపరిచితుడు అనుచరులతో వచ్చి వారిని నిలబెట్టి, నేలపై గీత గీసి, అదే గది అని చెప్పి విచారణ జరుపును. వారు గీతను దాటరు. పిమ్మట తెల్లని కోటు ధరించిన గృహస్థు వచ్చి, అదంతయు పరిహాసమని క్షమాపణ చెప్పి, విందుకు తీసికొనిపోవును. అందరును నవ్వుచు కూర్చుందురు. ఒక్కడు మాత్రము మాటలాడక లేచి వెళ్ళిపోవును. ఒక్కడు సంతోషముగా లేనందున విందు అంతయు పాడైనదని గృహస్థు నొచ్చుకొనును. అతనిని వెదకి తెచ్చుటకు వేటకుక్కను తీసికొని బయలుదేరుదురు. ఆ లేచిపోయిన అతిథి వేషమును ధరించినవాడు నటుడు కాదు. తోటి దర్శకుడు ఎవాల్డ్ షోర్మ్. ఈ సంగతిని శ్రోతలు మనస్సున ఉంచుకొనవలెను.

1967 మే నెలలో ఆ దేశపు జాతీయ శాసనసభలో ఒక సభ్యుడు, 21 మంది పక్షమున, ఈ రెండు చిత్రములను తీవ్రముగా ఖండించినాడు. రైతులు చెమటోడ్చి పండించిన ఆహారమును తెరపై పాడుచేయుట దారుణమని ఆయన ఆక్షేపణలలో ఒకటి. ఆక్షేపింపబడినది ఆహారమే అయినను, నొప్పి తగిలినది వేరొకచోట అని గ్రహించుట కష్టము కాదు.

ఇక ఫోర్మన్ తీసిన ‘అగ్నిమాపక దళమువారి నృత్యోత్సవము’. ఆంగ్లమున ‘ది ఫైర్‌మెన్స్ బాల్’. 1967 నాటి ఈ చిత్రము నిడివి గంటంబావుకు లోపలనే. ఫోర్మన్, అతని మిత్రులు ఇవాన్ పాసెర్, యారొస్లావ్ పపూషెక్ వేరొక కథ వ్రాయుటకై ఉత్తరమున కొండల చెంతనున్న వ్ర్ఖలాబీ అను పట్టణమునకు పోయినారు. ఆ ఊరి అగ్నిమాపక దళమువారు జరుపుకొన్న నృత్యోత్సవమును ఒకనాటి రాత్రి చూచి, వ్రాయుచున్న కథను వదలి, దీనిని పట్టుకొన్నారు. చిత్రములో కూడ నటించినవారు పెక్కురు ఆ ఊరివారే.

దళమునకు పూర్వాధ్యక్షుడైన ఎనుబది ఆరేండ్ల వృద్ధునికి సన్మానము చేసి, అలంకారపు గొడ్డలి నొకదానిని బహూకరింపవలెనని సంఘము తీర్మానించును. ఆయనకు ప్రాణాంతకమైన వ్యాధి ఉన్నదని అందరికిని తెలియును, ఆయనకు తెలియదని వీరి నమ్మకము. ఉత్సవములో లాటరీ బహుమానములను బల్లపై పేర్చి ఒక సభ్యుని కాపలా ఉంచెదరు. ఒక్కొక్క వస్తువే మాయమగును. అందగత్తెల పోటీకి పిల్లలను ఏరుటలో సంఘమువారు తలమునకలగుదురు. పోటీవేళకు పిల్లలు పారిపోవుదురు. ఇంతలో ఊరిలో ఒక ముసలివాని ఇల్లు అంటుకొనును. అగ్నియంత్రము మంచులో కూరుకొనిపోవును. ఇల్లు కాలుచుండగా, చలికి వణకుచున్న ఆ ముసలివాని కుర్చీని మంటకు కొంచెము చేరువగా జరుపుదురు. అతని సహాయమునకై అందరును తమ లాటరీ చీట్లను దానము చేయుదురు. కాని గెలుచుటకు బల్లపై వస్తువులు లేవు. దొంగిలించినవారు సిగ్గుపడి తిరిగి పెట్టుటకు వీలుగా దీపములార్పుదురు. దీపములు వెలిగించునప్పటికి మిగిలినవి కూడ పోవును. భార్య దొంగిలించినదానిని తిరిగి పెట్టబోయిన ఒక సభ్యుడు మాత్రమే దొరకిపోయి మూర్ఛిల్లును. అప్పుడు సంఘమువారు లోపల కూర్చుండి, అతడు తిరిగి పెట్టకుండినచో దళము గౌరవము దక్కెడిదని వాదించుకొందురు! చివరకు ఖాళీయైన సభలో వృద్ధుడు బహుమానపు పెట్టెను తెరచును. గొడ్డలి లేదు.

మన ఊళ్ళలోని ఆహ్వానసంఘములను, సన్మానసభలను చూచినవారికి ఈ సంఘము పరాయిది కాదు. ఎవరు ముందు మాటలాడవలెను, శాలువ ఎవరు కప్పవలెను అని తర్జనభర్జనలు జరుగుచుండగా సన్మానితుడు ఒక మూల కూర్చుండి ఉండుట మనమును ఎరుగుదుము. కాని చెకోస్లొవాకియా పాలకులకు ఈ సంఘము తమ కేంద్రసంఘమువలె కనబడినది. అగ్నిమాపక దళములవారు కూడ తమను అవమానించినారని నొచ్చుకొన్నారు. ఇంకొక చిత్రము కూడ జరిగినది. ఈ చిత్రమునకు కొంత పెట్టుబడి పెట్టిన ఇటలీ నిర్మాత కార్లో పోంటీ దీనిని చూచి, తన ధనము తనకు తిరిగి ఇమ్మన్నాడు. ఫోర్మన్‌కు సహాయము ఫ్రాన్సునుండి వచ్చినది. త్రుఫో, క్లోద్ బెర్రీ పూనుకొని విదేశ హక్కులను కొనిపించి అతనిని గట్టెక్కించినారు. కళకు ప్రభుత్వమే శత్రువు, వర్తకుడు మిత్రుడు అని సులభముగా తేల్చివేయువారు ఈ సంఘటనను గమనింపవలెను. అదే ప్రభుత్వము ధనమిచ్చి, చదువు చెప్పి, స్టూడియో ఇచ్చి ఈ కళను పెంచినదనుటయు సత్యమే.

1968 జనవరిలో అలెగ్జాండర్ దుబ్‌చెక్ పక్షమునకు నాయకుడు కాగా, పత్రికలపై అదుపు సడలినది. ‘ప్రాగ్ వసంతము’ అని చరిత్రకారులు పిలుచు కాలమిది. ఆ మే నెలలో ఫ్రాన్సులోని కాన్ చిత్రోత్సవపు పోటీకి ఈ చిన్న దేశమునుండి మూడు చిత్రములు ఎంపికైనవి: ఫోర్మన్ చిత్రము, నెమెత్స్ ‘విందు, అతిథులు’, మెంజెల్ తీసిన ‘చపలమైన వేసవి’. కాని పారిస్ విద్యార్థుల, కార్మికుల సమ్మెకు సానుభూతిగా దర్శకులే ముందు నిలిచి ఉత్సవమును మధ్యలో ఆపివేసినారు. మూడింటిలో దేనికిని బహుమానము రాలేదు. ఆగస్టు 20 రాత్రి సోవియట్ యూనియన్, దాని మిత్రరాజ్యముల సేనలు చెకోస్లొవాకియా సరిహద్దును దాటినవి. మరునాటి ఉదయమునకు ప్రాగ్ వీథులలో టాంకులు నిలిచినవి. నెమెత్స్ ఆ దృశ్యములను చిత్రించి దేశము దాటించినాడు; ఆ దృశ్యములు లోకమంతటను టెలివిజను తెరలపై కనబడినవి.

చిత్రశాలలో మార్పు ఒక్క దినమున రాలేదు. తీయుచున్న చిత్రములు 1969 లో కూడ సాగినవి. వొయ్‌తేఖ్ యాస్నీ ఒక మొరావియా పల్లెలో సమిష్టి వ్యవసాయము బలవంతముగా వచ్చిన విధమును ‘నా మంచి గ్రామస్థులందరును’ అను చిత్రములో చూపి, 1969 లో కాన్ నగరమున ఉత్తమ దర్శకుని బహుమానము పొందినాడు. కాని స్వదేశమున ‘సాధారణ స్థితిని నెలకొల్పుట’ అను పేరుతో క్రొత్త అధికారులు వచ్చి ఒక్కొక్క చిత్రమునే పరీక్షింపసాగిరి. 1973 లో నాలుగు చిత్రములను ‘శాశ్వతముగా’ నిషేధించినారు. ఫోర్మన్, నెమెత్స్, యాస్నీ చిత్రములు మూడును, షోర్మ్ తీసిన ‘మతగురువు అంతము’ నాలుగవదియు అందులోనివి.

ఇనుప పెట్టె కథలన్నిటిలోను మనస్సును కలచునది మెంజెల్ తీసిన ‘తీగపై భరతపక్షులు’. ఆంగ్లమున ‘లార్క్స్ ఆన్ ఎ స్ట్రింగ్’. దీనికిని హ్రబల్ కథలే ఆధారము. 1950 ప్రాంతమున క్లాద్నో పట్టణపు ఉక్కు కర్మాగారములో పాత ఇనుము పోగువేయు ఆవరణమున, ‘బూర్జువా’లని పేరుపడినవారిని పనిచేయించి సంస్కరించుచుందురు. ఒక తత్త్వవేత్త, ఒక న్యాయవాది, ఒక వాద్యకాడు, శనివారము పనిచేయనని మతనిష్ఠ పట్టిన ఒక వంటవాడు అందులోనివారు. ప్రక్కనే దేశము దాటబోయి పట్టుబడిన స్త్రీ ఖైదీలు. కరిగించుటకు తెచ్చిన రాసులలో పాత టైపు యంత్రములు, సిలువలు పడియుండును. వంటవానికి ఒక ఖైదీ పిల్లకు ప్రేమ కలిగి, వధువు ఎదుట లేకుండగనే వివాహము జరుగును. ప్రశ్నలడిగినవారు ఒక్కరొక్కరే మాయమగుదురు. చివర పెండ్లికుమారుడును గనిలోనికి దిగు బోనులో, పైన చిన్నదగుచున్న వెలుతురును చూచుచు, క్రిందికి పోవును. 1969 లో పూర్తియైన ఈ చిత్రమునకు వెంటనే తాళము పడినది.

కళాకారుల గతి ఏమైనది? ఫోర్మన్, పాసెర్, కాదార్, యాస్నీ దేశము విడిచినారు. నెమెత్స్ 1974 లో వెడలిపోయినాడు. ఫోర్మన్ అమెరికాలో ‘వన్ ఫ్లూ ఓవర్ ది కకూస్ నెస్ట్’, ‘అమడేయస్’ చిత్రములకు రెండు మార్లు ఉత్తమ దర్శకుడుగా అకాడమీ బహుమానము పొందినాడు. ‘అమడేయస్’ కొరకు ప్రాగ్ నగరమునకే తిరిగివచ్చి తీసినాడు. మెంజెల్ దేశముననే నిలిచి, కొన్నేండ్లు మౌనము వహించి, రాజీపడి, 1974 లో తిరిగి చిత్రము తీసినాడు. ఖితిలోవాకు పని ఇచ్చువారు లేక, 1975 లో దేశాధ్యక్షుడు హుసాక్‌కు తాను పనిచేయగోరుచున్నానని లేఖ వ్రాసి, పిమ్మట ‘ఆపిలు ఆట’ అను చిత్రము తీసినది. దేశము విడిచినవారు ధైర్యవంతులు, నిలిచినవారు పిరికివారు అని గాని, దానికి విపర్యయముగా గాని తీర్పు చెప్పుట దూరమున ఉన్న మనకు తగదు. ఎవరి నష్టము వారిది.

‘విందు, అతిథులు’ చిత్రములో మాటలాడక లేచిపోయిన అతిథిని జ్ఞాపకము ఉంచుకొనుడని కోరితిమి. నిజ జీవితమునను ఎవాల్డ్ షోర్మ్ అట్లే చేసినాడు. తన చిత్రములు తప్పని ఒప్పుకొనలేదు. దాదాపు ఇరువది సంవత్సరములు కథాచిత్రములకు దూరమై రంగస్థలమున పనిచేసినాడు. 1988 డిసెంబరులో మరణించినాడు. ఇంకొక పదకొండు నెలలు జీవించియుండినచో, 1989 నవంబరులో ప్రాగ్ వీథులు జనముతో నిండి, రక్తపాతము లేకయే ఆ ప్రభుత్వము కూలిపోవుటను చూచియుండెడివాడు. పావెల్ యురాచెక్ అను మరియొక ప్రతిభావంతుడు, 1969 లో తీసిన చిత్రము తరువాత వేరొక చిత్రము తీయు అవకాశమే లేక, 1989 మే నెలలో కన్నుమూసినాడు.

ఇనుప పెట్టెలు తెరచినారు. 1990 ఫిబ్రవరిలో బెర్లిన్ చిత్రోత్సవమున ‘తీగపై భరతపక్షులు’ స్వర్ణభల్లూక బహుమానమును వేరొక చిత్రముతో పంచుకొన్నది. ఇరువది ఒక్క సంవత్సరముల క్రిందట ముప్పది యొక్క ఏండ్ల యువకుడు తీసిన చిత్రమునకు అర్ధశతాబ్ది దాటిన మనుష్యుడు వచ్చి బహుమానము గైకొన్నాడు. ఆ మేలోనే, 1970 లో కారెల్ కఖీన్యా తీసి, తాళము పడిన ‘చెవి’ అను చిత్రము కాన్ పోటీలో చూపబడినది. ఒక ఉపమంత్రియు భార్యయు విందునుండి ఇంటికి వచ్చి, గోడలలో వినికిడి యంత్రములు దాగియున్నవను భయముతో గడపు ఒక రాత్రి కథ అది. ఇరువది ఏండ్ల నాటి చిత్రము ఆనాటి వార్తవలె కనబడినది.

ఇపుడు మన ప్రశ్నకు తిరిగివత్తము. శత్రువుల దౌష్ట్యమును చూపు చిత్రమును ఏ ప్రభుత్వమైనను ఆదరించును. ఆ చిత్రములోనే, దౌష్ట్యము వేషము వేసికొని రాదనియు, సంఘములలో, ఉత్తరువులలో, పొరుగువాని మౌనములో ఇమిడియుండుననియు చెప్పిన మాటను మాత్రము పాలకులు వినిపించుకొనలేదు. అదే మాటను కళాకారులు తమ కాలమునకు అన్వయించినపుడే అది వినబడినది. బహుమానమునకును తాళమునకును పాత్రమైన గుణము ఒక్కటే. కనుక ఒకదానిని చూచి మెచ్చి, రెండవదానిని విడిచినచో మనము ఆ చిత్రములను సగమే కనుగొన్నట్లు.

మన దేశమునకును ఆ దేశపు చిత్రములకును సంబంధము క్రొత్తది కాదు. ఆ దేశములోని కార్లొవీ వారీ చిత్రోత్సవమున 1957 లో రాజ్‌కపూర్ ‘జాగ్తే రహో’ ప్రథమ బహుమానము పొందినది. 1959 లో సత్యజిత్ రాయ్ అధ్యక్షుడుగా మన ఫిలిం సొసైటీల సమాఖ్య ఏర్పడినది. ఇట్టి సొసైటీలకు తూర్పు ఐరోపా రాయబార కార్యాలయములు చిత్రములను ఎరువిచ్చెడివి. మన నగరములలో పలువురు యువకులు విదేశ చిత్రమును మొదట చూచినది ఆ విధముగనే. ఇటీవలి కాలమున, పాత చిత్రములను కాపాడుటకై శ్రమించుచున్న మన దేశపు దర్శకుడు శివేంద్రసింగ్ డుంగార్‌పూర్, మెంజెల్‌ను, ఆతని సహచరులను వెదకుకొనిపోయి మాటలాడించి, ఏడు గంటలకు మించిన ‘చెక్‌మేట్’ అను చిత్రమును 2018 లో పూర్తిచేసినాడు. ఆ ఏప్రిలులో ఫోర్మన్, 2020 సెప్టెంబరులో మెంజెల్ మరణించినారు. ఆ తరము మాటలు కొన్ని మన దేశస్థుని శ్రద్ధవలన నిలిచినవనుట మనకు సంతోషకరము.

ఈ చిత్రములు నేడు శుభ్రపరచిన ప్రతులలో దొరకుచున్నవి. ఇంట కూర్చుండియే చూడవచ్చును. చూడదలచినవారికి మా సలహా ఒకటి. ముందుగా ‘గట్టి నిఘాలోని రైళ్ళు’ చూడుడు. పిమ్మట అగ్నిమాపక దళమువారి ఉత్సవమును కుటుంబములోని పెద్దలతో కలిసి చూచి నవ్వుడు. ఆ నవ్వు ఆరకముందే ‘తీగపై భరతపక్షులు’ చూడుడు. గనిలోనికి దిగుచున్న ఆ యువకుడు పైకి చూచు చూపునకు ప్రేక్షకుడు ఇరువది ఒక్క సంవత్సరములు కరవైనాడు. ఆ చూపును ఎదుర్కొను భాగ్యము మనకు ఏ శ్రమయు లేకుండ లభించినది. దానిని వదలుకొనరాదు.